ఏ తీగలో ఎవరి కరెంటు? ఇంట్లో కట్టుకునే ఆడియో పరికరాల గ్రౌండింగ్ గురించి

ఏ యాంప్లిఫయర్ సర్క్యూట్ డయాగ్రమ్ తీసుకున్నా గ్రౌండ్ గుర్తు పది పన్నెండు చోట్ల కనిపిస్తుంది. అవన్నీ ఒకటేనని, అన్నీ సున్నా వోల్టుల దగ్గరే ఉన్నాయని ఆ బొమ్మ చెబుతుంది. సొంతంగా యాంప్లిఫయర్లు, ప్రీయాంప్లిఫయర్లు కట్టుకునేవారికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కాగితం మీద ఒకటిగా కనిపించిన ఆ బిందువులు పెట్టెలోకి వచ్చేసరికి వేర్వేరు చోట్లుగా విడిపోతాయి. వాటిని కలిపేది రాగి తీగో, బోర్డు మీది రాగి ట్రాకో అయి ఉంటుంది. రాగికి ఎంత తక్కువైనా రెసిస్టెన్స్ ఉంటుంది కనుక, దానిలో కరెంటు పారినంతసేపూ రెండు కొసల మధ్య కొంత వోల్టేజి నిలిచే ఉంటుంది. యాంప్లిఫయర్‌కు ఆ వోల్టేజి పాటలో భాగమో కాదో తెలియదు. తన ఇన్‌పుట్‌కు ఏది చేరితే దాన్నే పెంచి స్పీకరుకు పంపుతుంది.

కాబట్టి గ్రౌండింగ్ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఒక్క ప్రశ్నలో ఇమిడిపోతుంది: ఈ తీగ ముక్కలో ఎవరి కరెంటు పారుతోంది, అది తిరిగి ఎక్కడికి చేరాలి? స్టార్ గ్రౌండ్ (గ్రౌండ్ తీగలన్నీ ఒకే బిందువుకు రావడం), బస్ బార్ (అవన్నీ ఒక లావాటి తీగ పొడవునా కలవడం), గ్రౌండ్ ప్లేన్ (బోర్డు మీద వెడల్పాటి రాగి పరపు) అని మనం చెప్పుకునే పద్ధతులన్నీ ఈ ప్రశ్నకు వేర్వేరు సందర్భాల్లో దొరికిన జవాబులే. జవాబు పేరు ఒక్కటే గుర్తుపెట్టుకుని ప్రశ్నను మరచిపోయినవారి పెట్టెల్లోనే ఎక్కువగా గుంయ్‌మనే రొద వినిపించడం నేను గమనించాను.

అయితే రొద కంటే ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి. మెయిన్స్ ప్లగ్గులోని మూడో పిన్ను నుంచి వచ్చే రక్షణ తీగను ఇక్కడ ఎర్త్ అని, సిగ్నల్ కరెంట్లూ సప్లై కరెంట్లూ తిరిగివచ్చే దారిని గ్రౌండ్ అని వేరుచేసి రాస్తున్నాను. ఎర్త్‌కు సంగీతంతో పని లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిన్నా, ఫేజ్ తీగ టంకం ఊడి లోహపు పెట్టెకు తగిలినా, పెట్టెను ముట్టుకున్న మనిషి గుండా కాకుండా తన గుండా పెద్ద కరెంటును పోనిచ్చి, ఫ్యూజు ఎగిరేటట్టు చేయడమే దాని ఏకైక బాధ్యత. ఆ బాధ్యత నెరవేరాలంటే ఎర్త్ తీగ పెట్టెలోకి వచ్చీ రాగానే, మధ్యలో స్విచ్చు గానీ ఫ్యూజు గానీ రెసిస్టర్ గానీ లేకుండా, లోహానికి నేరుగా బిగిసిపోవాలి.

బిగించే తీరు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో కట్టిన చాలా పెట్టెల్లో అన్నిటికంటే నాసిగా ఉండేది ఈ ఒక్క జాయింటే. పెయింటు వేసిన లోహం మీద గానీ ఆనోడైజ్ చేసిన అల్యూమినియం మీద గానీ వాషరు ఎంత గట్టిగా బిగించినా కరెంటు పారుతుందన్న భరోసా లేదు; ఆ పొర ఇన్సులేటర్. బోల్టు చుట్టూ మెరిసే లోహం కనిపించేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి, దాని మీద క్రింప్ చేసిన రింగ్ లగ్గు పెట్టి, పైన వదులుకాని నట్టు బిగించాలి. ఆ బోల్టు ఎర్త్‌కే ప్రత్యేకంగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టి ఉంచే బోల్టుకే ఎర్త్ లగ్గు కూడా తగిలిస్తే, రేపు ట్రాన్స్‌ఫార్మర్ మార్చేటప్పుడు ఎర్త్ ఊడిపోతుంది, మళ్ళీ బిగించడం గుర్తుంటుందన్న నమ్మకం లేదు. లోపల ఎర్త్ తీగను ఫేజ్, న్యూట్రల్ తీగల కంటే కాస్త పొడవుగా వదలడం కూడా మంచి అలవాటు. కార్డును ఎవరైనా బలంగా లాగితే అన్నిటికంటే చివర తెగేది అదే అవుతుంది.

బిగించిన తర్వాత కొలిచి చూడాలి. వెనక మెయిన్స్ సాకెట్లోని ఎర్త్ పిన్ను నుంచి పెట్టె మీద చేతికి తగిలే ఏ లోహభాగానికైనా రెసిస్టెన్స్ 0.1 ఓముకు మించరాదన్నది భద్రతా ప్రమాణాల్లో స్థిరపడిన హద్దు. మామూలు మల్టీమీటరుతో దీన్ని నమ్మకంగా కొలవలేం. దాని ప్రోబు తీగలకే 0.2, 0.3 ఓములు ఉంటాయి. పవర్ కార్డు తీసేసి, బెంచ్ సప్లైని 1 ఆంపియరు హద్దుకు పెట్టి, ఎర్త్ పిన్ను నుంచి పెట్టెకు ఆ కరెంటును పంపి, అదే రెండు చోట్ల విడిగా మీటరు ప్రోబులు ఆనించి మిల్లీవోల్టులు చదవాలి. 100 మిల్లీవోల్టులు చూపిస్తే సరిగ్గా 0.1 ఓము అన్నమాట. శ్రద్ధగా బిగించిన జాయింటు పది మిల్లీవోల్టులకు అటూఇటూగా చూపిస్తుంది. పైమూతకు, ముందు ప్యానెలుకు కూడా ఈ పరీక్ష చేయాలి. పెయింటు వేసిన అంచుల మీద కూర్చున్న మూత తరచుగా ఎర్త్‌కు అసలు తగలనే తగలదు.

ఇక రొద దగ్గరికి వద్దాం. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగకు మీటరుకు సుమారు 17 మిల్లీ ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. ఐదు సెంటీమీటర్ల ముక్కకు ఒక మిల్లీ ఓము కూడా లేదు. దీన్ని ఎవరు లెక్కచేస్తారనిపిస్తుంది. కానీ ఆ ముక్క పవర్ సప్లైలోని రెండు పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లను కలిపే ముక్క అయితే కథ మారిపోతుంది.

8 ఓముల స్పీకరుకు 50 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్‌ను తీసుకుందాం. పూర్తి బలంతో పనిచేసేటప్పుడు ప్రతి రైలు (ప్లస్ లేదా మైనస్ సప్లై తీగ) నుంచి సగటున 1.1 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అయితే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ఆ కరెంటును తీరుబడిగా అందించదు. 50 హెర్ట్జ్ మెయిన్స్‌లో ఒక అర్ధచక్రం 10 మిల్లీసెకన్లు ఉంటుంది. అందులో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి కెపాసిటర్ వోల్టేజిని దాటే రెండు మూడు మిల్లీసెకన్లలోనే డయోడ్లు తెరుచుకుని, మొత్తం చార్జినంతటినీ ఒక్క ఊపున నింపి మూసుకుంటాయి. కాబట్టి సగటు ఒక ఆంపియరు ఉన్నచోట ఆ పల్సు శిఖరం ఎనిమిది, పది ఆంపియర్లను తాకుతుంది. సెంటర్ ట్యాప్ (వైండింగ్ మధ్య నుంచి తీసిన తీగ) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, ఒకే బ్రిడ్జి (నాలుగు డయోడ్ల రెక్టిఫయర్) ఉండే మామూలు డ్యూయల్ సప్లైలో ఆ పల్సు ప్లస్ కెపాసిటర్‌ను నింపి, దాని అడుగు నుంచి రెండు కెపాసిటర్లను కలిపే తీగ గుండా మైనస్ కెపాసిటర్‌లోకి పోతుంది. సెంటర్ ట్యాప్ తీగలో పారేది రెండు వైపుల కరెంట్ల తేడా మాత్రమే. పెట్టె మొత్తంలో గ్రౌండ్ అన్న పేరు పెట్టుకున్న తీగల్లో అన్నిటికంటే ఉధృతంగా కరెంటు పారేది ఆ ఐదు సెంటీమీటర్ల ముక్కలోనే.

పది ఆంపియర్ల పల్సుకు ఆ ముక్క మీద ఎనిమిదిన్నర మిల్లీవోల్టులు పుడతాయి. ఇన్‌పుట్ గ్రౌండును దాని ఒక కొసకు, ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఇన్‌పుట్‌తో పోల్చడానికి వెనక్కి తెచ్చే దారి) గ్రౌండును మరో కొసకు టంకం పెట్టారనుకోండి. యాంప్లిఫయర్ గెయిన్ 20 రెట్లయితే స్పీకరు దగ్గర 170 మిల్లీవోల్టుల పల్సులు కనిపిస్తాయి. 2.83 వోల్టులకు మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు ఈ 170 మిల్లీవోల్టులకు 65 డెసిబెల్స్ దాటి ఇస్తుంది. అది ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి గొంతుకు తీసిపోదు. ఔట్‌పుట్‌లో మొత్తం రొద ఒక మిల్లీవోల్టుకు దిగితే అదే స్పీకరు దగ్గర 21 డెసిబెల్స్ అవుతుంది, దూరంగా కూర్చున్నవారికి ఇక వినిపించదు. ఈ రెంటికీ మధ్య తేడా తెచ్చేది ఖరీదైన కెపాసిటర్ కాదు, తీగను ఐదు సెంటీమీటర్లు ఇటు జరపడం.

అందువల్ల రెండు కెపాసిటర్లను కలిపే బిందువును స్టార్‌గా వాడకూడదు. ఆ లింకు మధ్య నుంచి ఒక పొట్టి, లావాటి తీగను పక్కకు తీసి, అది ముగిసేచోట స్టార్ పెట్టుకోవాలి. అలా పక్కకు తీసిన తీగలో చార్జింగ్ పల్సులు పారవు, వాటికి అక్కడ పనే లేదు. స్టార్ అన్న మాట విన్నవారందరూ అన్ని తీగలనూ ఒకే బోల్టుకు తెచ్చి కుక్కుతారు. ఆ బోల్టు పల్సులు పారే దారిలో ఉందా, పక్కన ఉందా అన్నదే అసలు విషయం.

స్టార్‌కు ఏ తీగలు విడివిడిగా రావాలి? స్పీకరు రిటర్న్ తీగ ఎవరితోనూ కలవకుండా నేరుగా రావాలి. దానిలో ఆంపియర్లు పారతాయి. ఔట్‌పుట్ దగ్గర ఉండే జోబెల్ నెట్‌వర్క్ (యాంప్లిఫయర్‌ను నిలకడగా ఉంచే రెసిస్టర్, కెపాసిటర్ జత) గ్రౌండ్, బోర్డు మీది రైలు డీకప్లింగ్ కెపాసిటర్ల (రైలు వోల్టేజిని అక్కడికక్కడ నిలిపే కెపాసిటర్లు) గ్రౌండ్ మరో తీగలో రావచ్చు. డీకప్లింగ్ గ్రౌండును చాలామంది నిశ్శబ్దమైనదిగా భావించి ఇన్‌పుట్ గ్రౌండుతో కలిపేస్తారు. క్లాస్ బి, క్లాస్ ఏబీ యాంప్లిఫయర్లలో ప్రతి రైలు సంగీతపు సగం తరంగాన్నే మోస్తుంది కనుక, రైలు కెపాసిటర్ల గుండా గ్రౌండులోకి దిగే కరెంటు సగానికి కోసిన తరంగంలా ఉంటుంది. అది ఇన్‌పుట్ గ్రౌండులో కలిస్తే వచ్చేది హమ్ (గుంయ్‌మనే రొద) కాదు, డిస్టార్షన్ (సంగీతపు తరంగం ఆకారం చెడడం). పాట ఆగితే అది కూడా ఆగిపోతుంది కాబట్టి దాని కారణం గ్రౌండులో ఉందని ఎవరికీ తట్టదు; ట్రాన్సిస్టర్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

ఇక ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండ్, ఇన్‌పుట్ బయాస్ రెసిస్టర్, ఫీడ్‌బ్యాక్ డివైడర్ కింది కొస, ఈ మూడూ బోర్డు మీద ఒకే చోట కలిసి, అక్కడి నుంచి ఒకే తీగలో స్టార్‌కు రావాలి. వీటిలో పారే కరెంటు మైక్రో ఆంపియర్లలోనో కొద్ది మిల్లీ ఆంపియర్లలోనో ఉంటుంది కనుక తీగ సన్నగా ఉన్నా ఇబ్బంది లేదు. ఇవి మూడూ కలిసి పైకీ కిందికీ కదిలితే యాంప్లిఫయర్ దాన్ని పెంచదు. ఒకదానికొకటి తేడాగా కదిలితేనే పెంచుతుంది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే స్టార్ బొమ్మలు చూడవలసిన అవసరం పెద్దగా ఉండదని నా అభిప్రాయం.

వాల్వు యాంప్లిఫయర్లలో స్టార్ కంటే బస్ బార్ పద్ధతే నాకు నచ్చుతుంది. లావుపాటి తగరం పూత రాగి తీగను వాల్వుల వరుస పొడవునా పరిచి, ఒక కొసన పవర్ సప్లైని, తర్వాత ఔట్‌పుట్ దశను, ఆపైన డ్రైవరును, మరో కొసన ఇన్‌పుట్ దశను కలుపుతారు. ప్రతి దశ డీకప్లింగ్ కెపాసిటర్ ఆ దశ క్యాథోడ్ రెసిస్టర్ పక్కనే బస్‌ను తాకాలి. అప్పుడు ఆ దశ కరెంటు తన చిన్న వలయంలోనే తిరుగుతుంది, పొరుగువారి తీగలోకి రాదు. మొదటి ఫిల్టర్ కెపాసిటర్, హెచ్‌టీ (వాల్వులకు కావలసిన ఎక్కువ వోల్టేజి) వైండింగ్ సెంటర్ ట్యాప్ మాత్రం ముందు తమలో తాము నేరుగా కలిసి, ఆ తర్వాతే బస్‌కు రావాలి. బస్‌ను పెట్టెకు ఒకే చోట, ఇన్‌పుట్ సాకెట్ దగ్గర కలపడం ఆనవాయితీ.

వాల్వు క్యాథోడ్‌ను వేడిచేసే హీటర్ల విషయంలో పాత రేడియోల అలవాటొకటి ఇంకా కొనసాగుతోంది: 6.3 వోల్టుల వైండింగ్‌లో ఒక కొసను పెట్టెకు కలిపి, పెట్టెనే రిటర్న్‌గా వాడుకోవడం. రెండు ఈఎల్ 34 వాల్వులు ఒక్కోటి 1.5 ఆంపియర్లు, రెండు ఈసీసీ 83లు ఒక్కోటి 0.3 ఆంపియర్లు తీసుకుంటే మొత్తం 3.6 ఆంపియర్ల ఏసీ. దాన్ని గ్రౌండ్ తీగలో ఇరవై సెంటీమీటర్లు పారనిస్తే పన్నెండు మిల్లీవోల్టుల హమ్‌ను మనమే తయారుచేసుకున్నట్టు. హీటర్లకు రెండు తీగలనూ బాగా మెలివేసి విడిగా తీసుకెళ్ళాలి. వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ లేకపోతే రెండు కొసల నుంచి చెరొక 100 ఓముల రెసిస్టర్‌తో కృత్రిమంగా ఒక మధ్యబిందువును ఏర్పరచి దాన్ని గ్రౌండుకు, లేదా హెచ్‌టీ నుంచి డివైడర్‌తో తీసిన ముప్ఫై నలభై వోల్టుల డీసీకి కలపవచ్చు. ఆ డీసీ వల్ల హీటర్ నుంచి క్యాథోడ్‌కు లీకయ్యే కరెంటు తగ్గుతుంది.

ఇంతవరకూ రెసిస్టెన్స్ గురించే చెప్పాను. రొద దూరే రెండో ద్వారం వైశాల్యం. సిగ్నల్ తీగకూ దాని గ్రౌండ్ తీగకూ మధ్య ఖాళీ ఉంటే, ఆ ఖాళీ గుండా పోయే అయస్కాంత క్షేత్రం ఆ వలయంలో వోల్టేజి పుట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 50 హెర్ట్జ్ క్షేత్రం ఒక మైక్రోటెస్లా ఉందనుకుని, పది సెంటీమీటర్ల భుజం గల చతురస్రమంత ఖాళీ వదిలితే మూడు మైక్రోవోల్టులు వస్తాయి. లైన్ లెవెల్ ఇన్‌పుట్‌కు అది ఒక లెక్క కాదు. కానీ రికార్డు ప్లేయర్ ఫోనో ప్రీయాంప్‌కు అదే మూడు మైక్రోవోల్టులు పెద్ద తలనొప్పి. మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్‌రిడ్జ్ ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ వంద రెట్లు ఉంటే, రికార్డు మీద తగ్గించి కోసిన బాస్‌ను తిరిగి పెంచే ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ 50 హెర్ట్జ్ దగ్గర మరో 17 డెసిబెల్స్ కలుపుతుంది కనుక అక్కడ గెయిన్ ఏడు వందల రెట్లు. మూడు మైక్రోవోల్టులు రెండు మిల్లీవోల్టులు దాటిపోతాయి. అర వోల్టు సంగీతం కింద 47 డెసిబెల్స్ దూరంలో హమ్ నిలబడుతుంది, పాటకూ పాటకూ మధ్య స్పష్టంగా వినిపిస్తుంది. రెండు తీగలనూ మెలివేసి ఆ వైశాల్యాన్ని ఒక చదరపు సెంటీమీటరుకు దించితే అది మరో 40 డెసిబెల్స్ తగ్గుతుంది. మెలివేయడానికి ఖర్చు లేదు, డ్రిల్ మిషను ఉంటే రెండు నిమిషాల పని.

రికార్డు ప్లేయర్ నుంచి విడిగా వచ్చే సన్నని గ్రౌండ్ తీగ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. టోన్‌ఆర్మ్ గొట్టం, మోటారు పెట్టె చుట్టుపక్కల మెయిన్స్ నుంచి కెపాసిటెన్స్ ద్వారా కొద్దిగా కరెంటు పట్టుకుంటాయి. ఆ కరెంటును కార్ట్‌రిడ్జ్ రిటర్న్ తీగలోకి రానీయకుండా నేరుగా ప్రీయాంప్ పెట్టెకు చేర్చడానికే ఆ తీగ. అందుకే దాన్ని తగిలించే టెర్మినల్‌ను పెట్టెకు కలపాలి, ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండుకు కాదు.

స్టీరియోలో మరో వలయం తెలియకుండానే ఏర్పడుతుంది. ఎడమ, కుడి కేబుళ్ళ షీల్డులు (సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికలు) అటు సీడీ ప్లేయరులో కలిసే ఉంటాయి, ఇటు మన యాంప్లిఫయర్‌లో కలిసే ఉంటాయి. ఆ రెండు కేబుళ్ళ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత వలయం. కేబుళ్ళను పక్కపక్కన కట్టేయడం మొదటి ఉపాయం. పవర్ యాంప్ బోర్డుల్లో ఇన్‌పుట్ గ్రౌండుకూ స్టార్ వైపు గ్రౌండుకూ మధ్య 10 ఓముల రెసిస్టర్ ఉంచితే ఆ వలయంలో కరెంటు బాగా తగ్గుతుంది. ఈ అమరికలో ఆర్‌సీఏ సాకెట్లు పెట్టె లోహానికి తగలకుండా ఇన్సులేటింగ్ వాషర్లతో బిగించాలి. రేడియో తరంగాల బెడద ఉంటే సాకెట్ వద్దే షీల్డు నుంచి పెట్టెకు 10 నానోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్‌ను కాళ్ళు వీలైనంత పొట్టిగా కత్తిరించి పెడితే సరిపోతుంది.

రెండు పరికరాలు కలిసినప్పుడు వచ్చే గొడవ అందరికీ తెలిసిందే. ఒక్కోటి విడిగా నిశ్శబ్దంగా ఉంటుంది, కేబుల్ తగిలించగానే గుంయ్‌మంటుంది. రెండింటి ఎర్త్‌లూ గోడ సాకెట్ల ద్వారా కలిసే ఉన్నాయి. కేబుల్ షీల్డు రెండో దారి అయింది. రెండు పెట్టెల ఎర్త్‌ల మధ్య 50 మిల్లీవోల్టుల తేడా ఉందని, ఆ వలయం మొత్తం రెసిస్టెన్స్ 100 మిల్లీ ఓములని, అందులో షీల్డుది 30 అని అనుకుందాం. షీల్డు రెండు కొసల మధ్య 15 మిల్లీవోల్టులు పడి, అవి నేరుగా సిగ్నల్‌తో కలిసిపోతాయి. ఇక్కడ జనం పట్టుకునే దగ్గరి దారి ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేయడం. రొద పోతుంది, నిజమే. దానితోపాటు ఆ పెట్టెకు ఉన్న రక్షణ కూడా పోతుంది. లోపల ఫేజ్ తీగ పెట్టెకు తగిలిన రోజున ఆ కరెంటు దిగవలసింది ఆ సన్నని షీల్డు గుండానో, దాన్ని పట్టుకున్న చేతి గుండానో. దీన్ని సలహాగా చెప్పేవారి మాట నేను ఏ సందర్భంలోనూ అంగీకరించను.

చేయవలసింది ఎర్త్‌ను ముట్టుకోకుండా, పెట్టెకూ సిగ్నల్ గ్రౌండుకూ మధ్య ఉన్న దారిలో రెసిస్టెన్స్ పెంచడం. ఎర్త్ పెట్టెకు నేరుగా ఉంటుంది. స్టార్ నుంచి పెట్టెకు వెళ్ళే తీగలో 10 ఓముల రెసిస్టర్, దానికి సమాంతరంగా 100 నానోఫారడ్ల కెపాసిటర్, ఒక పెద్ద బ్రిడ్జి రెక్టిఫయర్ పెడతారు. బ్రిడ్జి ప్లస్, మైనస్ కాళ్ళను ఒకదానికొకటి కలిపేసి, ఏసీ కాళ్ళలో ఒకదాన్ని స్టార్‌కు, మరొకదాన్ని పెట్టెకు కలిపితే ఏ దిశలోనైనా రెండు డయోడ్లు వరుసగా ఉంటాయి. వోల్టు దాటితే తప్ప అవి తెరుచుకోవు. పై లెక్కలో ఈ 10 ఓములు చేర్చి చూస్తే షీల్డు మీది 15 మిల్లీవోల్టులు 0.15కు, అంటే నూరో వంతుకు పడిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ప్రైమరీ సెకండరీకి తగిలే ప్రమాదం వస్తే డయోడ్లు తెరుచుకుని ఫ్యూజు ఎగిరేదాకా ఆ కరెంటును మోయాలి, కాబట్టి ఇక్కడ చిన్న డయోడ్లు పనికిరావు. క్షణకాలం 400 ఆంపియర్లు తట్టుకోగల 35 ఆంపియర్ల లోహపు బ్రిడ్జినే వాడాలి, తీగలు కూడా దానికి తగినట్టు లావుగా ఉండాలి.

అయినా దీన్ని నేను రెండో వరస మందుగానే చూస్తాను. అసలు మందు ఇన్‌పుట్‌ను డిఫరెన్షియల్‌గా కట్టడం: షీల్డు వోల్టేజిని గ్రౌండుగా మింగేయకుండా, సిగ్నల్ తీగకూ దానికీ ఉన్న తేడాను మాత్రమే తీసుకోవడం. ఒక ఆప్ యాంప్, నాలుగు రెసిస్టర్లు చాలు. రెసిస్టర్లు 1 శాతం రకమైతే అత్యంత అననుకూలంగా కలిసినా 34 డెసిబెల్స్ రొద తగ్గుతుంది, 0.1 శాతం రకమైతే 54. అంతకంటే కావాలంటే మంచి ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, కాకపోతే దాని ధర విని చాలామంది రెసిస్టర్ల దగ్గరే ఆగిపోతారు.

బ్యాలెన్స్‌డ్ పరికరాలకు (సిగ్నల్‌ను రెండు తీగల మధ్య తేడాగా పంపేవాటికి) కూడా ఒక గ్రౌండింగ్ రోగం ఉంది. వాటికి ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లో ఒకటో పిన్ను షీల్డుది. దాన్ని బోర్డు మీది సిగ్నల్ గ్రౌండుకు కలిపితే, షీల్డు పట్టుకొచ్చిన చెత్త కరెంటంతా బోర్డులోని సున్నితమైన ట్రాకుల గుండా పారుతుంది. 1995లో నీల్ మన్సీ అనే ఇంజినీరు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఈ లోపాన్ని విడమరచి చూపాక దానికి పిన్ వన్ సమస్య అన్న పేరు స్థిరపడింది. తర్వాత అదే సొసైటీ 2005లో ఏఈఎస్ 48 అన్న ప్రమాణంలో షీల్డు పెట్టె లోహానికే కలవాలని నిర్దేశించింది. ఇంట్లో కట్టేవారికి ఇది అతి సులువు: ఒకటో పిన్ను నుంచి ఒక సెంటీమీటరు తీగ, పక్కనే పెట్టె మీద ఒక లగ్గు. బోర్డుకు ఆ పిన్ను నుంచి తీగ పోనే పోదు. ఇప్పటికే కట్టిన పెట్టెలో ఈ లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి 12 వోల్టుల ఏసీ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెసిస్టర్ ద్వారా కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ఒకటో పిన్ను నుంచి పెట్టెకు పంపి, ఔట్‌పుట్‌లో హమ్ వస్తుందేమో వినాలి. సరిగ్గా కట్టినదైతే తేడా ఏమీ వినిపించదు.

రెండు పిన్నుల స్విచింగ్ అడాప్టర్లతో నడిచే డాక్‌లు (డిజిటల్ సంగీతాన్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు), స్ట్రీమర్లు వేరే రకం ఇబ్బంది తెస్తాయి. అడాప్టర్ లోపల ప్రైమరీ నుంచి సెకండరీకి ఉండే చిన్న వై కెపాసిటర్ గుండా, 2.2 నానోఫారడ్లయితే 230 వోల్టుల మెయిన్స్ మీద దాదాపు 0.15 మిల్లీ ఆంపియర్లు లీకవుతుంటాయి. పెట్టెను వేలితో రాస్తే జివ్వుమనడం, మీటరు పెడితే వందకు అటూఇటూగా వోల్టులు చూపించడం దానివల్లే. అది ప్రాణాంతకం కాదు, కానీ ఆర్‌సీఏ ప్లగ్గులో మధ్య పిన్ను షీల్డు కంటే ముందు తగులుతుంది కనుక, ఆన్‌లో ఉండగా కేబుల్ పెడితే స్పీకరులో ఢామ్మంటుంది. ఆ పరికరం గ్రౌండును ఎర్త్ ఉన్న యాంప్లిఫయర్ పెట్టెకు ముందే ఒక తీగతో కలిపి ఉంచితే సరి. కంప్యూటర్ నుంచి వచ్చే కీచు శబ్దాలకు యూఎస్‌బీ ఐసొలేటరో, ఆప్టికల్ కేబులో మేలు.

విడిగా భూమిలో మరో కడ్డీ పాతి, ఆడియోకు మాత్రమే శుభ్రమైన ఎర్త్ ఇవ్వాలనే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. బ్యాటరీతో నడిచే పోర్టబుల్ రికార్డర్‌కు ఏ కడ్డీ ఉంది? అది నిశ్శబ్దంగానే పనిచేస్తోంది కదా. సిగ్నల్ కరెంటు తన సప్లైకి తిరిగి చేరాలి, మట్టిలోకి కాదు. ఇంటి ఎర్త్‌తో కలపకుండా వేరే కడ్డీ పాతితే పిడుగు దగ్గర్లో పడినప్పుడు ఆ రెంటి మధ్య వేల వోల్టుల తేడా వచ్చి, అది మన పరికరం గుండానే సర్దుకుంటుంది.

రొద వచ్చినప్పుడు దాని మూలం ఎక్కడుందో చెవితోనే చాలావరకు తేల్చవచ్చు. నున్నగా, లోతుగా వినిపించేది మెయిన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే అయస్కాంత క్షేత్రమో రెండు పరికరాల మధ్య వలయమో కారణం. దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో, గరగరమని పదునుగా వినిపించేది రెక్టిఫయర్ పల్సు. ఇన్‌పుట్ సాకెట్లలో షార్ట్ చేసిన ప్లగ్గులు పెట్టండి. రొద ఆగితే అది బయటిది, ఆగకపోతే లోపలిది. వాల్యూమ్ తిప్పినా మారకపోతే అది వాల్యూమ్ కంట్రోల్ తర్వాత పుడుతోంది. చివరగా, యాంప్లిఫయర్ పనిచేస్తుండగా మెయిన్స్ ఆపేయండి. కెపాసిటర్లలో చార్జి ఉన్నంతసేపు అది కొన్ని సెకన్లు పాడుతూనే ఉంటుంది. మెయిన్స్ ఆగిన క్షణమే హమ్ కూడా ఆగిపోతే దోషం ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రానిదో చార్జింగ్ పల్సులదో, సాగి సాగి తగ్గితే ఈ పెట్టె సప్లైది కాదు, బయటి నుంచి వస్తున్నదేదో చూసుకోవాలి.

క్షేత్రానిదే దోషమని తేలితే, ఉంగరం ఆకారపు కోర్ ఉండే టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వదులుగా ఉంచి, తీగలు కాస్త పొడవుగా వదిలి, ఇన్సులేషన్ ఉన్న భాగాన్ని మాత్రమే పట్టుకుని మెల్లగా తిప్పుతూ హెడ్‌ఫోన్లలో వినాలి. టొరాయిడ్‌లో వైండింగ్ తీగలు బయటికి వచ్చే వైపున క్షేత్రం ఎక్కువ కాబట్టి హమ్ ఒక కోణంలో బాగా తగ్గుతుంది. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని, పవర్ తీసేసి, మధ్య బోల్టు బిగించాలి. ఆ బోల్టు పైకొస పెట్టె మూతకు గానీ, ఎర్త్ చేసిన ఏ బ్రాకెట్‌కు గానీ తగలకూడదు. అడుగున ఒక కొస ఇప్పటికే పెట్టెకు తగిలి ఉంది. పైకొస కూడా తగిలితే బోల్టు, మూత, గోడ, అడుగు కలిసి కోర్ చుట్టూ ఒక పూర్తి చుట్టు అయిపోతాయి. ఒక చుట్టుకు వచ్చే వోల్టేజి ఒక వోల్టు కూడా ఉండకపోయినా, ఆ లోహపు వలయానికి రెసిస్టెన్స్ లేనట్టే కనుక, మెయిన్స్ పెట్టగానే అందులో వందల ఆంపియర్లు పారి ఫ్యూజు ఎగిరిపోతుంది.